పెద్ద వేషాలు ఎక్కడ పుడతాయి?

జర్మనీలోని ఆకెన్ ఊరి నడిబొడ్డున, థియేటర్‌ప్లాట్జ్ కూడలిలో, ఎత్తయిన స్తంభాల వసారాతో ఒక నాటకశాల ఉంది. 1825లో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు దెబ్బతిని 1951లో మళ్లీ తెర లేపింది. హెర్బర్ట్ ఫాన్ కరాయాన్ పేరు ప్రపంచమంతా మోగకముందు, 1930లలో, ఇక్కడే సంగీత దర్శకుడిగా పనిచేశాడని ఊరివాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఈ నాటకశాలలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది దాని నటుల ఏర్పాటు. ప్రజల డబ్బుతో నడిచే ఒక నటబృందం ఏడాది పొడుగునా జీతం మీద పనిచేస్తుంది. అందులో ఇరవైల్లో ఉన్న అమ్మాయీ ఉంటుంది, జుట్టు నెరిసిన పెద్దాయనా ఉంటాడు. నాటకాలు మార్చి మార్చి ఆడతారు కాబట్టి ఈ వారం నాయకుడి వేషం కట్టినవాడు వచ్చే వారం ఒక ఉత్తరం అందించి వెళ్లిపోయే నౌకరుగా కనబడతాడు. చిన్న వేషం వేసినందుకు జీతం తగ్గదు. జర్మనీ మొత్తం మీద ఇలాంటి ప్రభుత్వ నాటకశాలలు వందకు పైగా ఉన్నాయి. లోపాలు లేవని కాదు. ఒకే చోట 15 ఏళ్లు దాటిన నటుణ్ని తీసేయడం కష్టం కాబట్టి, ఆ గడువు దగ్గరపడగానే ఒప్పందం ముగించే అలవాటు కూడా ఇక్కడ ఉంది. నడివయసు నటులకు అది పెద్ద దెబ్బ. అయినా ఒక ఊళ్లో అన్ని వయసుల నటులు, అన్ని రకాల వేషాలు ఒకే కప్పు కింద బతకగలగడం చిన్న విషయం కాదు.

దీన్ని ఇంతగా చెప్పడానికి కారణం మన సినిమానే. క్యారెక్టర్ నటుల మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు అనేది ఒకటే: రంగారావు మళ్లీ పుట్టడు, సూర్యకాంతం మళ్లీ పుట్టదు. ఇక్కడ ఇంజనీరింగ్ చదవడానికి వచ్చిన మన పిల్లలు కూడా ఫోనులో 'మాయాబజార్' చూసి ఆ మాటే అంటారు. అందులో ఉన్న ప్రేమను నేను కాదనను. కానీ అంతా పుట్టుకతోనే వచ్చేస్తే ఎదురుచూడటం తప్ప మనం చేయగలిగింది ఏముంటుంది? వాళ్లు ఎక్కడ నేర్చుకున్నారు, ఎలాంటి కథల్లో నటించారు అని చూసుకుంటూ పోతే నాకు తోచేది వేరు. వయసుతో, రూపంతో పని లేకుండా వేషం ఇచ్చిన నాటకరంగం వాళ్లను తయారుచేసింది. కథలో పెద్దరికాన్ని వాళ్ల చేతుల్లో పెట్టిన రచయితలు వాళ్లను నిలబెట్టారు. ఈ రెంటిలో ఏది సన్నగిల్లినా ఆ మేరకు మనకు నటుల కరువు వచ్చింది.

వయసుల సంగతే చూడండి. 1951లో 'పాతాళభైరవి' విడుదలయ్యేనాటికి నేపాళ మాంత్రికుడు వేసిన ఎస్వీ రంగారావుకు 32 ఏళ్లు. 1955లో వచ్చిన 'అర్ధాంగి'లో వయసుడిగిన జమీందారుగా నటించిన గుమ్మడి వెంకటేశ్వరరావుకు ముప్పై నిండలేదు. ఆ సినిమాలో ఆయన కొడుకు అక్కినేని నాగేశ్వరరావు, నిజ జీవితంలో ఆయనకంటే దాదాపు మూడేళ్లు పెద్ద. 'మాయాబజార్' (1957)లో కృష్ణుడికి అన్నగా బలరాముడి వేషం కట్టిన గుమ్మడి, కృష్ణుడైన రామారావు కంటే నాలుగేళ్లు చిన్న. అదే సినిమాలో ఘటోత్కచుడి తల్లి హిడింబిగా నటించిన సూర్యకాంతం, కొడుకు వేషం వేసిన రంగారావు కంటే ఆరేళ్లు చిన్న. చూస్తున్నంతసేపూ ఇవేవీ మన మనసుకు తట్టవు. పెద్దరికం తెల్ల జుట్టులో లేదు, మాట విరుపులో ఉంది, కూర్చునే తీరులో ఉంది, ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా ఆగే ఓర్పులో ఉంది. అది నాటకం ఆడినవాడికి తెలిసినట్టు మరొకరికి తెలియదు. ఊళ్లో ఆడే నాటకంలో దొరికిన మనిషితోనే వేషం కట్టించాలి. ఇరవై ఏళ్ల కుర్రాడికి తాత వేషం ఇస్తారు, అతను నేర్చుకుని తీరాలి.

'మాయాబజార్' గురించి ఇంకొక్క మాట చెప్పకుండా ముందుకు పోలేను. మాయా శశిరేఖ సన్నివేశాలను ఈసారి సావిత్రి కోసం కాక రంగారావు కోసం చూడండి. శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడు. కాబట్టి సావిత్రి చేయవలసింది రంగారావు శరీరాన్ని తన ఒంట్లోకి తెచ్చుకోవడం. భుజాలు వెడల్పు చేసి అడుగు బరువుగా వేస్తుంది. లేని మీసం మీదికి చెయ్యి పోతుంది. ఎవరైనా చూస్తున్నారని తెలియగానే ఆ బరువంతా ఒక్క క్షణంలో జారిపోయి కొత్త పెళ్లికూతురు సిగ్గు వచ్చేస్తుంది. పాటలో సుశీల గొంతు నడుమ ఘంటసాల గొంతు పలికేది కూడా ఇందుకే. తెలుగు తెర మీద ఒక కథానాయిక చేసిన అత్యుత్తమ నటనల్లో ఒకదానికి పాఠం ఒక క్యారెక్టర్ నటుడి నడక. రంగారావు తన ఘటోత్కచుణ్ని అంత స్పష్టంగా, అంత విడిగా గుర్తుపట్టేలా చేయకపోతే సావిత్రికి అనుకరించడానికి ఏమీ ఉండేది కాదు. క్యారెక్టర్ నటుడు పక్కవాడికి ఇచ్చే సాయం ఎలాంటిదో ఇంతకంటే బాగా చూపించే సన్నివేశం నాకు తెలియదు.

ఆ రోజుల్లో విజయా సంస్థ పద్ధతి కూడా ఒక నాటక సమాజం పద్ధతే. రామారావు అక్కడ నెలజీతం ఒప్పందం మీద చేరారు. 'పాతాళభైరవి', 'పెళ్లి చేసి చూడు', 'మిస్సమ్మ', 'మాయాబజార్', 'గుండమ్మ కథ' వరసగా చూస్తే చాలా ముఖాలు మళ్లీ మళ్లీ వస్తాయి, వేషాలు మాత్రం మారిపోతూ ఉంటాయి. మాంత్రికుడై భయపెట్టిన రంగారావే 'మిస్సమ్మ'లో మెత్తని మనసున్న పల్లెటూరి జమీందారు. పక్కన ఋష్యేంద్రమణి, రమణారెడ్డి, రేలంగి. ఒకరి లయ ఒకరికి తెలిసినవాళ్లు కలిసి చేసే పని అది. ఇప్పుడైతే కాంబినేషన్ కాల్‌షీట్ దొరికిన ఒక్క పూటలో అయిదుగురు పెద్ద నటులు సెట్టులోనే మొదటిసారి కలుసుకుని, తమ వంతు చెప్పేసి, కార్లు ఎక్కేయవలసి వస్తోంది. వాళ్ల తప్పు కాదది, పని ఏర్పాటే అలా తయారైంది.

ఈ నటులు వచ్చిన నేల గురించి కాస్త వివరంగా చెప్పాలి. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి వారి సమాజాల్లో పిల్లలు నడక రాగానే రంగం మీదికి వచ్చేవారు. తెనాలిలో 1929లో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తు పోటీల సంప్రదాయాన్ని తెచ్చింది. తర్వాత ఊరూరా పుట్టిన పరిషత్తుల్లో ఉత్తమ నటుడితో పాటు ఉత్తమ క్యారెక్టర్ నటుడికి కూడా విడిగా బహుమతి ఇవ్వడం ఆనవాయితీ అయింది. గుమ్మడిది తెనాలి దగ్గరి రావికంపాడు. జగ్గయ్యది కూడా ఆ ప్రాంతమే. 1943లో మొదలైన ప్రజానాట్యమండలి నుంచి మిక్కిలినేని వచ్చారు, అల్లు రామలింగయ్య వచ్చారు. ఆ మండలి నాయకుడు డాక్టర్ గరికపాటి రాజారావు 1953లో తీసిన 'పుట్టిల్లు'లోనే అల్లు, జమున తెరకు పరిచయమయ్యారు. నాగభూషణాన్ని జనం చివరిదాకా 'రక్తకన్నీరు' నాగభూషణం అనే పిలిచారు, ఆ నాటకం ఆయనతో అంతగా కలిసిపోయింది. ఇంకొక దారి ఆఫీసులది. బ్యాంకుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు రిహార్సల్సు వేసుకున్నవాళ్లు ఒక తరం మొత్తం ఉన్నారు. కంకిపాడులో 1942లో పుట్టిన కోట శ్రీనివాసరావు స్టేట్ బ్యాంకు ఉద్యోగి. నాటకంగా ఆడిన 'ప్రాణం ఖరీదు' 1978లో సినిమా అయినప్పుడు ఆయనా తెరకు వచ్చారు. లెక్కల మాస్టారు జయప్రకాశ్ రెడ్డి కూడా నాటకాల నుంచే వచ్చి, పేరు వచ్చిన తర్వాత కూడా 'అలెగ్జాండర్' అనే ఏకపాత్ర నాటకం ఆడుతూనే వచ్చారు. అంత సినిమా చేసిన మనిషి ఒంటరిగా రంగం మీద నిలబడి జనాన్ని కూర్చోబెట్టాలని కోరుకున్నారంటే, తాను ఎక్కడ నేర్చుకున్నదీ ఆయన మరిచిపోలేదన్నమాట.

ఇక రచయితల సంగతి. 1962 నాటికి రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ తిరుగులేని కథానాయకులు. ఆ ఏడాది విజయా వారు తీసిన సినిమాలో వాళ్లిద్దరూ ఉన్నారు, సావిత్రి, జమున ఉన్నారు, రంగారావు ఉన్నారు. అయినా దానికి పెట్టిన పేరు 'గుండమ్మ కథ'. గుండమ్మ కథానాయిక కాదు, సవతి కూతుర్ని పనిమనిషిలా చూసే గయ్యాళి. కానీ ఆ ఇంట్లో ఏం జరగాలన్నా ఆవిడ అనుమతి కావాలి. పెళ్లి జరగాలంటే ఆవిడ ఒప్పుకోవాలి, ఒప్పుకోవాలంటే మోసపోవాలి, మోసపోవాలంటే ఆవిడ ఆశ ఎక్కడుందో కథానాయకులకు తెలియాలి. అంటే ఇద్దరు పెద్ద హీరోల తెలివంతా ఒక నడివయసు ఆడమనిషి స్వభావం చుట్టూ తిరుగుతుంది. సూర్యకాంతం ఎడమచెయ్యి తిప్పుతూ కసిరే తీరు గురించి అందరూ చెబుతారు. నేను మెచ్చుకునేది ఆవిడ అమాయకత్వాన్ని. గుండమ్మ దుర్మార్గురాలు కాదు, లోకం తెలియని మనిషి, తన సొంత కూతురు బాగుండాలనుకునే తల్లి. ఛాయాదేవి పాత్ర వచ్చి ఆవిడ మీద పెత్తనం చేసినప్పుడు మనకు జాలి కలుగుతుందంటే, తిట్లు తిట్టిన సన్నివేశాల్లోనే సూర్యకాంతం ఆ జాలికి చోటు ఉంచి నటించింది కాబట్టే. అలాంటి పాత్ర రాసినవాళ్లు లేకుండా ఆ నటన మనకు దక్కేది కాదు.

డెబ్బైల్లోకి వచ్చేసరికి కథల్లో ఇల్లు చిన్నదైపోయి, హీరో పెద్దవాడయ్యాడు. తండ్రి పాత్రలు మొదటి రీలులో చచ్చిపోవడం, తల్లి పాత్రలు కుట్టుమిషను ముందు కూర్చోవడం అప్పుడే ఎక్కువైంది. పెద్ద నటులకు బలమైన చోటు ప్రతినాయక పాత్రల్లోనే మిగిలింది. 1975లో వచ్చిన బాపు, ముళ్లపూడి వెంకటరమణల 'ముత్యాలముగ్గు' అందుకు గొప్ప ఉదాహరణ. అందులో రావు గోపాలరావు కాంట్రాక్టరు గొంతు పెంచడు. ఉదయించే సూర్యుణ్ని చూసి మురిసిపోతాడు, మనిషికి కళల మీద ఆసక్తి ఉండాలని పక్కవాడికి హితవు చెబుతాడు, అదే ఊపిరిలో ఒక కాపురం కూల్చే పథకం వేస్తాడు. గోదావరి యాసలో, తీరుబడిగా, పెదవి దాటీ దాటనట్టు వచ్చే ఆ మాటలు రాసింది రమణ, వాటికి తూనిక ఇచ్చింది గోపాలరావు. ఆ కాలంలోనే కైకాల సత్యనారాయణ దుష్టపాత్రల నుంచి కుటుంబ పెద్దల పాత్రల్లోకి జారుకుంటూ, మధ్యలో 'యమగోల' (1977)లో యముడై నవ్వించి, 1994లో 'యమలీల'లో మళ్లీ అదే కిరీటం పెట్టుకున్నారు. రంగారావు 1974లో పోయాక పౌరాణిక పాత్రల భారం చాలావరకు ఆయన భుజాల మీదే పడింది.

కోట శ్రీనివాసరావు 2025 జులై 13న, తన 83వ పుట్టినరోజు దాటిన మూడు రోజులకు, కన్నుమూశారు. ఆయన్ను గురించి రాయవలసింది చాలా ఉంది. రెండు పాత్రల దగ్గర మాత్రం ఆగుతాను. జంధ్యాల 'అహ నా పెళ్ళంట' (1987)లో లక్ష్మీపతి పరమ పిసినారి. కోడిని తాడుకు వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తినే సన్నివేశం తెలియని తెలుగువాడు ఉండడు. మళ్లీ ఒకసారి ఆ ముఖం చూడండి. కోట నవ్వించాలని ఎక్కడా ప్రయత్నించరు. ఆ మనిషి నిజంగానే కోడికూర తింటున్నాడు. కోడి మీద చూపు, ముద్ద నోట్లో పెట్టుకున్నాక వచ్చే తృప్తి, అన్నీ శ్రద్ధగా జరుగుతాయి. నవ్వు మనకు వదిలేశారు. 2004లో 'ఆ నలుగురు'లో ఆయన మళ్లీ డబ్బు తప్ప మరొకటి ఎరగని మనిషే. ఈసారి పొరుగింటి పెద్దమనిషి చావు ఎదురుగా ఉంది. అదే పిసినారితనం, అదే లెక్కలు వేసుకునే కళ్లు, కానీ ఆ లెక్కల్లో తనకంటూ ఎవరూ తేలడం లేదన్న భయం మెల్లగా చేరుతుంది. ఒకే గుణాన్ని ఒకసారి హాస్యంగా, ఒకసారి దుఃఖంగా పలికించడం క్యారెక్టర్ నటన మొత్తానికి పరీక్ష లాంటిది. దానిలో ఆయన సాటిలేనివారు.

యాస విషయానికి వస్తే మనం నిజాయితీగా ఒప్పుకోవలసింది కొంత ఉంది. ఆకెన్‌లో 1921 నుంచి నడుస్తున్న ఒక బొమ్మలాట ఉంది, పేరు ఓషర్ షెంగ్‌షే. కర్ర మీద నిలబెట్టి ఆడించే బొమ్మలవి, మాట్లాడేది ఈ ఊరి సొంత యాస. ఇప్పుడు వీధిలో ఆ యాస వినడం అరుదు, బొమ్మల నోట మాత్రం బతికే ఉంది. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టు పోలిగాడు, బంగారక్క చేసింది కూడా ఇదే. రాముడూ సీతా పద్యాల్లో మాట్లాడుతుంటే, వీళ్లు ఊరి భాషలో మాట్లాడి జనాన్ని దగ్గర చేసుకున్నారు. సినిమా ఆ ఏర్పాటును అలాగే తీసుకుంది. హీరో పుస్తకాల భాష మాట్లాడితే యాస అంతా పక్క పాత్రలకు వచ్చింది. దానివల్ల యాసలు తెర మీద బతికాయి, నిజమే. గోదావరి యాసకు రావు గోపాలరావు, రాయలసీమ యాసకు 'ప్రేమించుకుందాం రా', 'సమరసింహారెడ్డి'ల్లో జయప్రకాశ్ రెడ్డి ఎంత చేశారో అందరికీ తెలుసు. కానీ తెలంగాణ యాస దశాబ్దాలపాటు రౌడీకి, అవినీతి మంత్రికి, నవ్వించే పనివాడికి మాత్రమే దక్కింది. 'ప్రతిఘటన' (1985)లో కోట చేసిన మంత్రి పాత్ర గొప్పదే, నటనలో వంక పెట్టలేం. ఆ భాష ఇంట్లో మాట్లాడే పిల్లవాడికి మాత్రం థియేటర్లో తన తండ్రి మాట విలన్ నోట వినబడింది. ఆ బాధ న్యాయమైనది. దాన్ని తీర్చడానికి 2023లో వచ్చిన 'బలగం' దాకా ఆగవలసి రావడం మన పరిశ్రమకు గౌరవం కాదు.

తొంభైల చివర్నుంచి పరభాషల నటుల రాక ఎక్కువైంది. దీని మీద కోట చాలాసార్లు బహిరంగంగానే గట్టిగా మాట్లాడారు, మన నాటకరంగంలో నటులుండగా పొరుగువాళ్లను తెచ్చుకోవడం ఏమిటని. ఆయన కోపంలో న్యాయం ఉంది. అయితే నా అభ్యంతరం పొరుగువాడు రావడం మీద కాదు, భాష లేకుండా రావడం మీద. పక్కనుంచి ప్రాంప్టింగ్ అందుతుంటే పెదవులు కదిపే నటుడు ముఖంతో ఎంత చేసినా సగమే చేయగలడు. మిగతా సగం డబ్బింగ్ థియేటర్లో మరొకరు పూర్తి చేస్తారు. 'అరుంధతి' (2009)లో పశుపతి శరీరం సోనూ సూద్‌ది, గొంతు రవిశంకర్‌ది. ఆ పాత్ర మన గుండెల్లో గుబులు పుట్టించిందంటే ఆ గొంతుకు తక్కువేమీ కాని వాటా ఉంది. ఆ సినిమా తర్వాత జనం ఆయన్ను బొమ్మాళి రవిశంకర్ అనే పిలిచారు. జర్మనీలో విదేశీ సినిమాలను ఎక్కువగా డబ్బింగ్ చేసే ఆడిస్తారు. రాబర్ట్ డి నీరోకు దశాబ్దాలుగా గొంతునిచ్చిన క్రిస్టియన్ బ్రుక్‌నర్ ఇక్కడ తనంత తానే ప్రసిద్ధుడు. కానీ అది పరాయి దేశపు సినిమాకు చేసుకున్న ఏర్పాటు. సొంత భాషలో తీసిన సినిమాలో ఇంటి పెద్దకు ఇలా గొంతు అరువు తేవడం వేరే సంగతి.

వలస వచ్చిన నటుడు భాషతో వస్తే ఏమవుతుందో చూడాలంటే 'కాసాబ్లాంకా' (1942) చూడాలి. హిట్లర్ నుంచి పారిపోయి వచ్చిన యూరప్ నటులతో నిండిపోయిన సినిమా అది. పేర్లు వేసిన నటుల్లో అమెరికాలో పుట్టినవాళ్లు ముగ్గురే. నాజీ అధికారిగా కాన్రాడ్ ఫైట్, పీటర్ లోరె, హోటల్లో పెద్ద వెయిటరుగా సకాల్, జేబుదొంగగా కుర్ట్ బోయిస్, వీళ్లంతా జర్మన్ రంగస్థలం మీద, జర్మన్ సినిమాల్లో రాటుదేలినవాళ్లు. ఒక్క నిమిషం కనబడే జేబుదొంగ కూడా ఒక జీవితాన్ని వెంటేసుకుని వస్తాడు. ఆ బోయిస్ తర్వాత జర్మనీకి తిరిగివచ్చి, విమ్ వెండర్స్ 1987లో తీసిన సినిమాలో బెర్లిన్ ఖాళీ స్థలాల్లో తన పాత నగరాన్ని వెతుక్కునే ముసలివాడిగా నటించాడు. చిన్న వేషాల నటుడి ముఖంలో ఒక శతాబ్దం చరిత్ర నిలిచింది. మనకు ప్రకాశ్ రాజ్ అలా వచ్చినవారే. కన్నడ నాటకరంగంలో పెరిగి, తెలుగు నేర్చుకుని, తన గొంతుతోనే మాట్లాడి, 'ఒక్కడు' (2003)లో ప్రేమోన్మాదిగా, 'బొమ్మరిల్లు' (2006)లో తండ్రిగా, 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' (2013)లో ఎవరినీ నొప్పించలేని పెద్దమనిషిగా కనిపించిన నటుణ్ని పరాయివాడనడం నాకు సాధ్యం కాదు.

'బొమ్మరిల్లు' తండ్రి దగ్గర కొంచెం నిలబడాలి. ఆకెన్‌లో 1890లో పుట్టిన వాల్టర్ హాజెన్‌క్లెవర్ అనే నాటకకర్త 1914లో 'కొడుకు' అనే అర్థం వచ్చే పేరుతో ఒక నాటకం ప్రచురించాడు. ఆ తరం యువకులకు అది జెండా అయింది. కొడుకును అదుపులో పెట్టి నలిపేసే తండ్రి, చివరకు తుపాకీ పట్టుకుని ఎదురు నిలిచిన కొడుకు ముందు కుప్పకూలి చనిపోతాడు. ఆ తండ్రిని రాక్షసుడుగా మాత్రమే ఆడితే నాటకం ఒక కేకగా మిగిలిపోతుంది. 'బొమ్మరిల్లు'లో భాస్కర్ రాసుకున్న తండ్రి కూడా కొడుకుని అంతగానూ ఊపిరాడనివ్వడు, కానీ పూర్తిగా ప్రేమతోనే. చొక్కా దగ్గర్నుంచి పెళ్లి దాకా కొడుక్కి ఏం కావాలో తనకే తెలుసనుకుంటాడు. చివర్లో కొడుకు నోరు విప్పినప్పుడు ప్రకాశ్ రాజ్ చేసేది వినడమే. అహం గాయపడటం, కొడుకు చెబుతున్నది నిజమని అర్థం కావడం, ఆ రెంటి మధ్య ఎటూ తేల్చుకోలేకపోవడం ఆ ముఖంలో ఒక్కొక్కటిగా కనబడతాయి. కొడుకుగా సిద్ధార్థ్ చెప్పిన మాటలకు బరువు వచ్చింది ఆ వినడం వల్ల. చివరి నిర్ణయం తండ్రి చేతిలో ఉంచిన కథ కాబట్టి అది ఇప్పటికీ నిలబడింది.

మాజీ హీరోలు పెద్ద వేషాల్లోకి రావడం ఈమధ్య ఎక్కువైంది. 'లెజెండ్' (2014) తర్వాత జగపతిబాబు, 'ఆ నలుగురు' నుంచీ రాజేంద్రప్రసాద్, ఇంకా నరేష్. మంచిదే, అనుభవం వృథా కాకూడదు. రావు గోపాలరావు కొడుకు రావు రమేష్ మాటను ఆచితూచి పలకడంలో తండ్రిని గుర్తుచేస్తూనే తన దారి తాను వేసుకున్నారు, 2024లో 'మారుతీనగర్ సుబ్రమణ్యం'లో కథ మొత్తాన్ని మోశారు.

నాకు ఎక్కువ ఆశ కలిగించేది చిన్న సినిమాలు. వెంకటేశ్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' (2018)లో విశాఖపట్నం కంచరపాలెం జనంతోనే వేషాలు వేయించారు. పెళ్లికాని నడివయసు అటెండరు కథానాయకుడు కావడం మన తెర మీద ఎంత అరుదో చెప్పనక్కర్లేదు. వినోద్ అనంతోజు 'మిడిల్ క్లాస్ మెలొడీస్' (2020)లో తండ్రిగా నటించిన గోపరాజు రమణ జీవితమంతా నాటకంలో గడిపిన మనిషి. కొడుకు హోటల్ పెడతానంటే మండిపడే ఆ గుంటూరు పల్లె తండ్రి విసుక్కోవడంలో కూడా ఒక లయ ఉంటుంది, అది పరిషత్తులో పుట్టిన లయ. 2023లో వేణు ఎల్దండి తీసిన 'బలగం' మరీ ముందుకు పోయింది. ముసలి కొమురయ్యగా కేతిరి సుధాకర్ రెడ్డి మొదటి భాగంలోనే చనిపోతారు. ఇతర సినిమాల్లో అయితే తాత చావు హీరో కథకు ఒక సాకు. ఇక్కడ ఆ చావే కథ. చనిపోయిన పెద్దకు పెట్టిన ముద్దను పిట్ట ముట్టకపోతే కొడుకులు, అల్లుడు, కూతురు ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి. కోట జయరాం, మురళీధర్ గౌడ్, రూపాలక్ష్మి తెలంగాణ పల్లె మాటలో అలుగుతారు, ఏడుస్తారు, పౌరుషానికి పోతారు. ఆ యాసలో ఒక్కరూ విలన్ కాదు. ఊళ్లలో తెరలు కట్టుకుని ఆ సినిమా చూసిన జనం అందరూ కలిసి ఏడ్చారంటే, తమ ఇంటి పెద్దల్ని మొదటిసారి తెర మీద తమ మాటతో చూసుకున్నారు కాబట్టే.

ఇంత చెప్పాక ఆడవాళ్ల సంగతి దగ్గర మనసు బరువెక్కుతుంది. మగవాళ్లకు దారి మూసుకుపోయినా విలన్ వేషమో, మంత్రి వేషమో మిగిలింది. సూర్యకాంతం, ఛాయాదేవి, హేమలత, నిర్మలమ్మల తర్వాత నడివయసు దాటిన స్త్రీకి తెలుగు కథ ఇచ్చినవి చాలా తక్కువ. 'బాహుబలి'లో రమ్యకృష్ణ శివగామి ఒక రాజ్యాన్ని నడిపింది. అంతటి అధికారం మళ్లీ ఒక స్త్రీ పాత్ర చేతికి రావడానికి పురాణం లాంటి కథ కావలసి వచ్చింది. మామూలు ఇంట్లో మామూలు పెద్దావిడ మాటకు అంత విలువ ఇచ్చిన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నందినీరెడ్డి 'ఓ బేబీ' (2019) వాటిలో ఒకటి. అందులో ముసలావిడ లక్ష్మి పడుచు సమంతగా మారిపోతుంది కాబట్టి, సమంత చేయవలసింది లక్ష్మిని తన ఒంట్లోకి తెచ్చుకోవడం. నడుము మీద చెయ్యి, సాగదీసిన మాట, చనువుగా మందలించే చూపు అన్నీ లక్ష్మి మొదటి అరగంటలో వేసి పెట్టినవే. 'బలగం'లో రూపాలక్ష్మి చేసిన ఆడపడుచు ఇరవై ఏళ్ల అలకను మోసుకుంటూ పుట్టింటి గడప తొక్కుతుంది, కథ ముడి విప్పవలసింది ఆమె భర్త, అన్నదమ్ములే అయినా నొప్పి అంతా ఆమెది. నాటకరంగంలో కూడా స్త్రీ పాత్రలకు నటీమణులు దొరక్క, ఉన్న కొద్దిమందే ఒక సమాజం నుంచి మరో సమాజానికి తిరుగుతూ ఆడుతున్నారు. రైళ్లలో, బస్సుల్లో రాత్రులు గడిపి, వేదిక వెనకే మేకప్ వేసుకుని, ఒక రోజు తల్లిగా, మరునాడు అత్తగా, ఆ మరునాడు న్యాయమూర్తిగా నిలబడే ఆ ఆడవాళ్లకు ఉన్నంత తయారీ సినిమాల్లో తల్లి వేషాలు వేసే చాలామందికి లేదు. పరిషత్తుల ముందు వరసలో ఇప్పుడు దర్శకులు కూర్చుంటే, గుండమ్మ లాంటి పాత్ర రాయడానికి ధైర్యం అక్కడే దొరుకుతుంది.